చెస్ట్ పెరగాలంటే ఏ బెంచ్ ప్రెస్ ఎంచుకోవాలి, ఎలా చేయాలి

బెంచ్ ప్రెస్ అంటే బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బరువుని ఛాతీ దాకా దించి పైకి నెట్టడం. సోమవారం సాయంత్రం ఏ జిమ్‌కి వెళ్లినా ఫ్లాట్ బెంచ్ దగ్గర నలుగురు నిలబడి ఉంటారు. ఫ్లాట్ అయ్యాక ఇంక్లైన్ (తల వైపు ఎత్తుగా ఉండే బెంచ్), ఆ తర్వాత డిక్లైన్ (తల వైపు పల్లంగా ఉండేది), చివర్లో డంబెల్ ప్రెస్. ఒక్కోటి నాలుగేసి సెట్లు, మొత్తం పదహారు. మొదటి ఆరేడు సెట్లకే ఛాతీలో పస అయిపోతుంది. మిగతావన్నీ భుజాలు, ట్రైసెప్స్ (జబ్బ వెనక కండరం) ఈడ్చుకొస్తాయి. ఆరు నెలల తర్వాత చూస్తే బార్ మీద అదే బరువు, అద్దంలో అదే ఛాతీ.

చాలామందికి రెండు ప్రెస్‌లు సరిపోతాయి. ఒకటి ఫ్లాట్, ఒకటి కొద్దిగా ఏటవాలు. కాకపోతే ఆ రెంటినీ మీ శరీరానికి, మీ జిమ్‌లో ఉన్న సామానుకి తగ్గట్టు ఎంచుకోవాలి, కనీసం రెండు మూడు నెలలు వాటినే పట్టుకుని ఉండాలి.

ఎందుకో అర్థం కావాలంటే కండరం ఎక్కడి నుంచి ఎక్కడికి ఉందో తెలియాలి. ఛాతీ కండరం విసనకర్రలా ఉంటుంది. పిడి భాగం జబ్బ ఎముక పైచివర అతుక్కుంటే, రెక్క భాగం కాలర్ బోన్ మీద, రొమ్ము ఎముక మీద, పక్కటెముకల ముందు చివర్ల మీద పరుచుకుంటుంది. కాలర్ బోన్ నుంచి వచ్చే పోగులనే అప్పర్ చెస్ట్ అంటాం. చేతిని ముందుకి, పైకి ఎత్తడంలో వాటి పాత్ర ఎక్కువ, అందుకే వాలు పనికొస్తుంది. రొమ్ము ఎముక నుంచి వచ్చే పెద్ద భాగానికి ఫ్లాట్ చాలు. ఇక ‘ఇన్నర్ చెస్ట్’ కోసం వేరే ప్రెస్ అంటూ లేదు. పోగులు రొమ్ము ఎముక నుంచి జబ్బ దాకా సాగి ఉంటాయి, లోపలి సగాన్ని మాత్రమే పని చేయించడం కుదరదు. మధ్యలో ఆ గాడి ఎంత వెడల్పుగా ఉండాలో పుట్టుకతోనే వచ్చేసింది.

1. ముందు మీరు ఇప్పుడు చేస్తున్నది చూసుకోండి

వార్మప్ అయ్యాక, మీరు ఎనిమిది నుంచి పది రెప్స్ (ఒక సెట్‌లో దించి ఎత్తే సార్లు) చేయగలిగే బరువుతో ఫ్లాట్ బెంచ్ మూడు సెట్లు చేయండి. ఫోన్‌ని వాటర్ బాటిల్‌కి ఆనించి, మీ పాదాల వైపు నుంచి ఒక సెట్, పక్క నుంచి ఒక సెట్ వీడియో తీసుకోండి. నాలుగు విషయాలు చూడాలి.

బార్ ఛాతీకి తాకినప్పుడు పాదాల వైపు నుంచి చూస్తే ముంజేతులు నిట్టనిలువుగా ఉన్నాయా? లోపలికి వాలితే గ్రిప్ ఇరుకు, పని ట్రైసెప్స్‌కి పోతోంది. బయటికి వాలితే గ్రిప్ మరీ వెడల్పు, భుజం కీలు మీద భారం పడుతోంది.

మోచేతులు ఒంటికి ఎంత దూరంలో ఉన్నాయి? భుజాలకు సమానంగా, శిలువలా పూర్తిగా విప్పి ఉంటే కొన్నాళ్లకు భుజం ముందు భాగం పీకడం మొదలవుతుంది. పూర్తిగా ఒంటికి అంటుకుంటే ఛాతీకి పని తగ్గుతుంది. 45 నుంచి 70 డిగ్రీల మధ్య ఎక్కడో మీకు హాయిగా ఉండే చోటు దొరుకుతుంది.

బార్ ఎక్కడ తాకుతోంది? ఫ్లాట్‌లో చనుమొనల గీత మీద, లేదా దానికి కాస్త కింద తాకాలి. మెడ దగ్గరికి వస్తుంటే వెంటనే మార్చుకోవాలి.

చివరి రెప్ ఎక్కడ ఆగింది? బార్ ఛాతీని వదలడానికే మొరాయిస్తే కింది భాగంలో బలం తక్కువ. అంతా దాటి, చేతులు చాపే చోట ఆగితే ట్రైసెప్స్ ముందు చేతులెత్తేస్తోంది. రెండో రకం వాళ్లకి బార్ కన్నా డంబెల్ ఎక్కువ మేలు చేస్తుంది. చేతులు పూర్తిగా చాపకుండానే తిరిగి దించవచ్చు కాబట్టి ఛాతీ మీద భారం నిలుస్తుంది.

2. మొదటి ప్రెస్: బార్, డంబెల్, మెషిన్‌లలో ఏది?

బార్‌కి ఒకే ఒక్క పెద్ద సుగుణం ఉంది. బరువు కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. అటు 1.25 కిలోలు, ఇటు 1.25 కిలోలు వేస్తే రెండున్నర పెరిగింది. డంబెల్స్‌లో 20 నుంచి 22.5కి వెళ్తే రెండు చేతులకి కలిపి ఒకేసారి ఐదు కిలోలు. చాలా జిమ్‌లలో 1.25 ప్లేట్లు ఉండవు. ఒక జత కొనుక్కుని బ్యాగులో పెట్టుకోండి. సప్లిమెంట్ డబ్బాల మీద పెట్టే ఖర్చు కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది.

పొట్టి చేతులు, ఎత్తైన పక్కటెముకల గూడు ఉన్నవాళ్లకి బార్ బాగా కుదురుతుంది. అయితే బార్ త్వరగా ఛాతీకి తాకేస్తుంది కాబట్టి కండరం పూర్తిగా సాగదు. వీళ్లు రెండో ప్రెస్‌గా తప్పకుండా డంబెల్ పెట్టుకోవాలి. పొడవు చేతులు, పలచటి ఛాతీ ఉన్నవాళ్లకి కథ వేరు. బార్ తాకేసరికి మోచేతులు వీపు కన్నా బాగా కిందికి వెళ్లిపోతాయి, భుజం ముందుకు జారుతుంది. వీళ్లు డంబెల్‌నో, చెస్ట్ ప్రెస్ మెషిన్‌నో మొదటి ప్రెస్ చేసుకున్నా నష్టం ఏమీ లేదు. బార్ ఎత్తకపోతే మగతనం తగ్గినట్టు జిమ్‌లో కొందరు మాట్లాడతారు గానీ, కండరానికి భారం తెలుస్తుంది తప్ప చేతిలో ఏముందో తెలియదు.

ఒంటరిగా చేసేవాళ్లు, సేఫ్టీ రాడ్లు (బార్ పడితే ఆపే అడ్డ రాడ్లు) లేని బెంచ్ ఉన్నవాళ్లు కూడా డంబెల్ వైపే మొగ్గడం మంచిది.

బార్ ఎంచుకుంటే ఇలా సర్దుకోండి.

బార్‌ని ఆన్చే స్టాండ్ హుక్ ఎత్తు ముందు చూడండి. పడుకుని చేతులు పూర్తిగా చాపితే బార్ హుక్ మీద నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు మాత్రమే లేవాలి. హుక్ ఒక రంధ్రం పైన ఉంటే బార్‌ని అందుకోవడానికి భుజాలు పైకి లేస్తాయి, అప్పటిదాకా బిగించి పెట్టుకున్న వీపు రెక్కలు విడిపోతాయి. ఆ తర్వాత సెట్ అంతా భుజాలతోనే. ‘బెంచ్ చేస్తే ఛాతీకి తెలియట్లేదు’ అనేవాళ్లలో చాలామంది తప్పు ఇక్కడే మొదలవుతుంది.

కళ్లు సరిగ్గా బార్ కింద ఉండేలా పడుకోండి. రెక్క ఎముకల్ని వెనక్కి, కిందికి లాగి బెంచ్‌కి నొక్కండి, వెనక జేబుల్లోకి దూర్చినట్టు. పిరుదులు బెంచ్ మీదే ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి. నడుము కింద అరచేయి దూరేంత వంపు చాలు. పవర్‌లిఫ్టింగ్ (ఎవరు ఎక్కువ బరువు ఎత్తుతారో చూసే పోటీ) వీడియోల్లో విల్లులా వంగేది బార్ ప్రయాణించే దూరాన్ని తగ్గించుకోవడానికి. ఆ ఆటలో వంపు ఎంత ఎక్కువైందంటే, అంతర్జాతీయ సమాఖ్య 2023 నుంచి మోచేయి కనీసం భుజం కీలు పైభాగం దాకా దిగాలని నియమం పెట్టాల్సి వచ్చింది. మీకు కావలసింది దానికి రివర్స్, కండరం ఎక్కువ దూరం పని చేయాలి.

గ్రిప్‌కి గుర్తు: పవర్‌లిఫ్టింగ్ పద్ధతిలో చేసిన ప్రామాణికమైన 20 కిలోల బార్ మీద రెండు వైపులా ఒక్కో నున్నటి గీత ఉంటుంది, వాటి మధ్య దూరం 81 సెంటీమీటర్లు. సగటు ఎత్తు ఉన్నవాళ్లకి చిటికెన వేలు ఆ గీత మీద, లేదా ఒకటి రెండు వేళ్లు లోపలికి పడుతుంది. మన వీధి జిమ్‌లలో రాడ్ల మీద ఈ గీతలు తరచూ ఉండవు. అప్పుడు వీడియోలో ముంజేయి నిలువుగా వచ్చిన చోటు చూసి, గరుకు మొదలయ్యే దగ్గర నుంచి ఎన్ని బొటనవేళ్ల దూరమో గుర్తుపెట్టుకోండి. ఆ రాడ్లు 20 కిలోలు కూడా ఉండకపోవచ్చు. రాడ్ పట్టుకుని వేయింగ్ మెషిన్ ఎక్కి, మీ బరువు తీసేస్తే లెక్క తేలిపోతుంది.

బార్‌ని అరచేతి మడమ మీద పెట్టండి, వేళ్ల దగ్గర కాదు. వేళ్ల దగ్గర ఉంటే మణికట్టు వెనక్కి విరుగుతుంది. బొటనవేలు తప్పనిసరిగా బార్ చుట్టూ తిప్పాలి. వేలు చుట్టకుండా పట్టిన బార్ జారితే నేరుగా ఛాతీ మీదో మెడ మీదో పడుతుంది.

రెండు మూడు సెకన్లు తీసుకుని దించండి. తాకాక ఒక క్షణం ఆగండి, ఎగరేయకండి. ఛాతీ మీద బంతిలా కొట్టి లేపితే, కండరం బాగా సాగి భారం మోయాల్సిన ఆ కొద్ది దూరమూ వృథా.

3. రెండో ప్రెస్: వాలు ఎంత?

ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. చాలా జిమ్‌లలో రాడ్ స్టాండ్‌తో పాటు బిగించి ఉన్న ఇంక్లైన్ బెంచ్ 45 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వాలులో భుజం ముందు కండరం పెత్తనం పెరుగుతుంది. అప్పర్ చెస్ట్‌కి 15 నుంచి 30 డిగ్రీలు చాలు.

డిగ్రీలు ఎలా కొలవాలి? ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి, బెంచ్ వీపు పలక మీద నిలువుగా పడుకోబెట్టండి. అంకె కనపడుతుంది. అడ్జస్టబుల్ బెంచ్‌లో సాధారణంగా మొదటి గాడి గానీ రెండోది గానీ మీకు కావలసింది. ఏ గాడికి ఎంతో ఒకసారి కొలిచి ఫోన్‌లో రాసుకుంటే మళ్లీ కొలవక్కర్లేదు. సీటు భాగాన్ని కూడా ఒక గాడి పైకి లేపండి, లేకపోతే సెట్ మధ్యలో కిందికి జారుతూ ఉంటారు.

ఇంకో సంగతి. లెక్కలోకి వచ్చేది బెంచ్ వాలు కాదు, మీ రొమ్ము వాలు. 15 డిగ్రీల బెంచ్ మీద నడుము బాగా వంచితే మీరు చేస్తున్నది ఫ్లాటే. జిమ్‌లో 45 డిగ్రీల బెంచ్ తప్ప వేరే గతి లేకపోతే అదే సూత్రాన్ని వాడుకోండి. పిరుదులు ఆన్చి, ఛాతీని బాగా పైకి ఎత్తి పెట్టుకుంటే వాలు కొంత తగ్గుతుంది.

వాలుకి నా ఓటు డంబెల్స్‌కే. బరువెంత అని అడుగుతారు. రెండు డంబెల్స్ కలిపితే బార్ మీద అన్నే రెప్స్ చేసే బరువులో ముప్పావు వంతు, కాస్త అటూ ఇటూ. 60 కిలోలు ఎనిమిది సార్లు బెంచ్ చేసేవాళ్లు ఫ్లాట్ డంబెల్‌కి 22.5 పట్టుకోవచ్చు. వాలు మీద ఇంకా తగ్గుతుంది కాబట్టి 17.5 లేదా 20తో మొదలుపెట్టండి.

డంబెల్స్ పైకి తెచ్చుకోవడం ఒక విద్య. బెంచ్ చివర కూర్చుని, రెండూ తొడల మీద మోకాళ్ల దగ్గర నిలబెట్టుకోండి. ఒక మోకాలితో తన్ని ఒకటి భుజం దగ్గరికి, వెంటనే రెండోది, అదే ఊపులో వెనక్కి వాలండి. సెట్ అయ్యాక డంబెల్స్‌ని చేతులు చాపి పక్కలకి వదలకండి. అలసిన భుజం సరిగ్గా అక్కడే దెబ్బతింటుంది. రెంటినీ ఛాతీ మీదికి తెచ్చి, మోకాళ్లు ఎత్తి తొడలకి ఆన్చి, వాటి బరువుతోనే లేచి కూర్చోండి.

అరచేతులు పూర్తిగా పాదాల వైపు చూడక్కర్లేదు, కాస్త ఒకదానికొకటి ఎదురుగా తిప్పితే భుజానికి హాయి. పిడి ఛాతీ మట్టానికి వచ్చేదాకా, చంక ముందు కండరం సాగినట్టు తెలిసేదాకా దించండి. పైన రెండూ టంగుమని కొట్టించకండి. అక్కడ ఛాతీ మీద భారమే ఉండదు, శబ్దం తప్ప లాభం లేదు.

డంబెల్స్ చాలినన్ని లేకపోతే స్మిత్ మెషిన్ (బార్ రెండు నిలువు పట్టాల మధ్యే కదిలేది) కింద అడ్జస్టబుల్ బెంచ్ పెట్టుకోండి. ముందు ఖాళీ బార్ దించి చూడాలి. వాలులో బార్ కాలర్ బోన్‌కి మూడు నాలుగు వేళ్ల కింద తాకాలి. మెడ వైపు వస్తే బెంచ్‌ని జరపండి, మీరు జరిగి సర్దుకోవద్దు. స్మిత్ బార్ బరువు ఒక్కో మెషిన్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక జిమ్ అంకెని ఇంకో జిమ్ అంకెతో పోల్చకండి.

4. మిగతా రకాల సంగతి

డిక్లైన్ మానేయండి. అది చేసే పని ఫ్లాట్ చేస్తుంది, పైగా తల కిందులుగా పడుకుని బార్ అందుకోవడం ఇబ్బంది. ఫ్లాట్‌లో భుజం నొప్పి వచ్చి డిక్లైన్‌లో రానివాళ్లకి మాత్రం అదే ఫ్లాట్ అనుకోండి. చేతులు దగ్గరగా పట్టే క్లోజ్ గ్రిప్ ట్రైసెప్స్ కోసం, ఛాతీ లెక్కలో వేయకండి. నేల మీద పడుకుని చేసే ఫ్లోర్ ప్రెస్‌లో మోచేతులు నేలకి తగిలి ఆగిపోతాయి, కండరం సాగే భాగం పోతుంది, భుజం కోలుకుంటున్న రోజుల్లో పనికొస్తుంది. మెడ మీదికి దించే గిలటిన్ ప్రెస్ పాతకాలం బాడీబిల్డర్లు మెచ్చిందే అయినా భుజానికీ గొంతుకీ ప్రమాదం, దాని వల్ల అదనంగా వచ్చేదాన్ని డంబెల్‌తో తెచ్చుకోవచ్చు.

మెషిన్ ప్రెస్‌ని చిన్నచూపు చూడకండి. రోజు చివర్లో అలసిపోయాక, ఎవరి సపోర్టూ లేకుండా చివరి రెప్ దాకా వెళ్లగలిగేది దాని మీదే. సీటు ఎత్తు మాత్రం పిడులు ఛాతీ మధ్యకి వచ్చేలా పెట్టుకోండి, భుజాల ఎత్తుకి కాదు.

5. సెట్లు, రెప్స్, బరువు

వారంలో ఛాతీకి గట్టి సెట్లు 10 నుంచి 14 చాలు. కొత్తవాళ్లకి ఎనిమిది కూడా ఎక్కువే. గట్టి సెట్ అంటే, ఆపేటప్పటికి ఇంకో ఒకటి రెండు రెప్స్ మాత్రమే మిగిలి ఉండాలి. వాటిని ఒకే సోమవారం మీద రుద్దకుండా రెండు రోజులకి పంచండి.

సోమవారం: ఫ్లాట్ బార్ 3 సెట్లు, 6 నుంచి 8 రెప్స్. వాలు డంబెల్ 3 సెట్లు, 8 నుంచి 12.
గురువారం: వాలు డంబెల్ 3 సెట్లు, 8 నుంచి 12, ఈసారి ముందుగా. తర్వాత ఫ్లాట్ బార్ బదులు మెషిన్ 2 లేదా 3 సెట్లు, 12 నుంచి 15.

ప్రెస్ సెట్ల మధ్య రెండు నుంచి మూడు నిమిషాలు విరామం. ఫోన్ టైమర్ పెట్టండి. నలభై సెకన్లకే లేచి చేస్తే చెమట ఎక్కువ పడుతుంది, బరువు తగ్గుతుంది.

60 కిలోల పని సెట్‌కి వార్మప్ ఇలా: ఖాళీ బార్ 12 సార్లు, 40 కిలోలు 6 సార్లు, 50 కిలోలు 3 సార్లు. 50తో పది లాగితే అది వార్మప్ కాదు, అసలు సెట్ల బలం దొంగిలించడం.

పెంచే పద్ధతి: మూడు సెట్లలోనూ పై అంకె అందుకున్న రోజు, తర్వాతి వారం బరువు పెంచండి. 60తో 8, 8, 8 వచ్చాయి, వచ్చే వారం 62.5. అప్పుడు 7, 6, 6 వస్తే బాధ లేదు, మళ్లీ 8 దాకా ఎక్కండి. డంబెల్స్‌లో గెంతు పెద్దది కాబట్టి 12, 12, 12 అయ్యేదాకా ఆగండి. ఇదంతా నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో రాయకపోతే రెండో వారానికే మర్చిపోతారు.

6. ఎప్పుడు మార్చాలి

విసుగొచ్చిందని మార్చకండి. కడుపు నిండా తింటూ, నిద్ర సరిగ్గా పోతూ, మూడు నాలుగు వారాలు వరసగా ఒక్క రెప్ కూడా పెరగకపోతే ముందు ఒక వారం సెట్లు సగానికి తగ్గించండి. అప్పటికీ కదలకపోతే ఒక ప్రెస్ మాత్రం మార్చండి. ఫ్లాట్ బార్ స్థానంలో ఫ్లాట్ డంబెల్, లేదా ఛాతీ మీద రెండు సెకన్లు ఆపే ప్రెస్. రెంటినీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

భుజం ముందు నొప్పి వస్తే క్రమం ఇది: మొదట గ్రిప్ రెండు వేళ్లు లోపలికి, తర్వాత మోచేతులు కాస్త ఒంటి వైపు, అదీ కుదరకపోతే అరచేతులు ఎదురెదురుగా పెట్టిన డంబెల్. వీపు కోసం చేసే రోయింగ్ సెట్లు మీ ప్రెస్ సెట్లతో సమానంగా ఉన్నాయో లేదో కూడా లెక్కపెట్టుకోండి. బార్ దించేటప్పుడు చంక దగ్గర ఫట్‌మని తెగినట్టు అనిపించి, తర్వాత అక్కడా జబ్బ మీదా కమిలి నల్లబడితే అది ఒళ్లునొప్పి కాదు. కండరం తెగి ఉండవచ్చు, అదే రోజు ఎముకల డాక్టర్‌కి చూపించండి.

తోడు ఎవరూ లేని రోజు బార్ ఎత్తాల్సి వస్తే ప్లేట్లకి క్లిప్పులు పెట్టకండి. ఇరుక్కుంటే ఒక వైపు వంచి ప్లేట్లు జారవిడవచ్చు, కాకపోతే రెండో వైపు వెంటనే ఎగురుతుంది కాబట్టి పక్కన మనుషులు ఉండకూడదు. ర్యాక్ ఉంటే సేఫ్టీ రాడ్లని ఖాళీ బార్‌తో సరిచూసుకోండి. ఛాతీ ఎత్తి ఉన్నప్పుడు బార్ వాటికి తగలకూడదు, గాలి వదిలి వెల్లకిలా అణిగితే వాటి మీద ఆనాలి.

జిమ్ లేని రోజుల్లో

ఊరికి వెళ్లినప్పుడు, పరీక్షలప్పుడు దండీలతోనే నెట్టుకురావచ్చు, కాకపోతే నేల మీద మామూలు దండీలో ఛాతీ పూర్తిగా సాగదు. రెండు ఇటుకలు తీసుకుని, భుజాల కన్నా కాస్త వెడల్పుగా, వెడల్పాటి వైపు నేలకి ఆనేలా పడుకోబెట్టండి. నిలబెట్టిన ఇటుక పక్కకి ఒరిగిపోతుంది. వాటి మీద గుడ్డ వేసి, చేతులు పెట్టి, ఛాతీ నేలకి తాకేదాకా దిగండి. సుమారు మూడు అంగుళాల లోతు అదనంగా వస్తుంది. పాదాలు మంచం మీద పెడితే వాలు ప్రెస్‌కి దగ్గరగా ఉంటుంది. ఆగకుండా 20 దాటుతున్నాయంటే స్కూల్ బ్యాగులో ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి వీపుకి తగిలించుకోండి. పట్టీలు బాగా బిగించాలి, వదులుగా ఉంటే దిగేటప్పుడు సంచి జారి మెడ మీదికి వస్తుంది.